అప్‌డేట్: నాన్నకు టీబీ కాదు, హిస్టోప్లాస్మోసిస్ అనే ఫంగస్ జబ్బు

నాన్నకు (62 ఏళ్లు, షుగర్ ఉంది) నెలల తరబడి జ్వరం, నీరసం, 11 కిలోలు తగ్గారు, సీటీలో రెండు అడ్రినల్ గ్రంథులూ (కిడ్నీల మీద ఉండి హార్మోన్లు తయారుచేసేవి) ఉబ్బాయి, టీబీ మందులు ఆరు వారాలు వాడినా గుణం లేదు, ఏం చేయమంటారని ఇక్కడ అడిగాను. బయాప్సీ లేకుండా టీబీ అని నమ్మొద్దని ఇద్దరు చెప్పారు. ఆ మాటే మా నాన్నను కాపాడింది. మీకు చాలా థాంక్స్.

బెంగళూరులోనే వేరే ఆస్పత్రికి మారాం. సీటీ చూస్తూ అడ్రినల్‌లోంచి సూదితో చిన్న ముక్క తీశారు. అందులో హిస్టోప్లాస్మా ఫంగస్ కనిపించింది. గబ్బిలాలు, పక్షుల రెట్టలు కలిసిన మట్టిలో ఉంటుందట, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ తగ్గింది.

రెండు వారాలు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించారు, మధ్యమధ్యలో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూస్తూ. ఇప్పుడు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు, కనీసం ఏడాది. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేయాలి. గ్యాస్ మాత్ర మాన్పించారు, కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మందు ఒంటికి పట్టదట. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా దీన్ని పనిచేయనివ్వదు, అదీ ఆపేశారు.

నాన్న అరచేతి గీతలు నల్లబడితే ఎండకనుకున్నాం. అడ్రినల్ దెబ్బతిన్న గుర్తు అది! ఆ గ్రంథులు చేయలేని హార్మోన్‌కు బదులుగా రోజూ హైడ్రోకార్టిసోన్ వేస్తున్నాం, డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు. థైరాయిడ్, హెచ్‌ఐవీ పరీక్షల్లో ఏమీ లేదు.

నిన్న మెట్లెక్కి మేడ మీదికి తనే వచ్చారు.