కర్లింగ్‌లో చీపురు పట్టినవాళ్లకీ పతకాలా?

బెంజిసర్కిల్_శీను: టీవీలో వింటర్ ఒలింపిక్స్ చూశా. ఒకడు మంచు మీద రాయి జార్చి వదిలేశాడు, ఇద్దరు దాని ముందు చీపుర్లతో రుద్దుకుంటూ పరిగెత్తారు. వాళ్లకీ పతకాలే! కబడ్డీకి మాత్రం ఒలింపిక్స్‌లో చోటు లేదు.

బ్రాడీపేట_మాస్టారు: శీనూ, ఆటలో సగం ఆ రుద్దడమే. మంచు మీద ముందే నీటి చుక్కలు చల్లి చిన్న చిన్న బొడిపెలు కట్టిస్తారు, రాయి వాటి మీద జారుతుంది. రాయికున్న పిడి తిప్పి వదులుతారు కాబట్టి వంపు తిరుగుతుంది. గట్టిగా రుద్దితే రాపిడి తగ్గి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. జట్టుకు నలుగురు, తలా రెండు రాళ్లు. మొత్తం 16 రాళ్లూ అయితే ఒక ఎండ్. అవతలి కొసన మంచు మీద గీసిన వలయం నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరుంటే పాయింట్లు వాళ్లవే. ఆఖరి రాయి ఉన్నవాళ్లదే పైచేయి. పాయింటు కొడితే తర్వాతి ఎండ్‌లో ఆఖరి రాయి అవతలివాళ్లకి పోతుంది. అందుకే ఒక్క పాయింటే దక్కేలా ఉంటే, కావాలనే సున్నాతో ముగించి ఆఖరి రాయిని తర్వాతి ఎండ్‌కి అట్టే పెట్టుకుంటారు. ఇంత లెక్క ఉంది అందులో.

ఆటోనగర్_గ్రానైట్: మాస్టారు గారూ, ఆ రాయి స్కాట్లండ్‌లో ఐల్సా క్రెయిగ్ దీవి నుంచే రావాలా? మన చీమకుర్తి రాయి ఏం పాపం చేసింది?

బ్రాడీపేట_మాస్టారు: నీళ్లు పీల్చకూడదండీ. పీల్చిన నీరు గడ్డకడితే రాయి పెచ్చులూడుతుంది. ఆ దీవిలోని బ్లూ హోన్ రకం అందుకే మంచుకు తగిలే అడుగుభాగానికి వాడతారు. వేల్స్‌లోని ట్రెఫర్ రాయి కూడా వాడతారు.

ఆటోనగర్_గ్రానైట్: మా రాయి పీలుస్తుందని ఎవరన్నారు? ఒక ముక్క నానబెట్టి ఫ్రీజర్‌లో పెట్టా, తేలుస్తా.

పటమట_లత: మే నెలలో డాబా మీద కాలు పెట్టలేని ఊళ్లో మంచు గురించి కొట్టుకుంటున్నారు 😀

బెంజిసర్కిల్_శీను: రుద్దితేనే పోయేట్టయితే వేసినవాడి గొప్పేంటి?

బ్రాడీపేట_మాస్టారు: 2015-16లో అదే గొడవ. కొత్తరకం చీపురు గుడ్డలతో రాయిని ఇష్టమొచ్చినట్టు మళ్లిస్తున్నారని రచ్చయితే, ప్రపంచ కర్లింగ్ సమాఖ్య అందరికీ ఒకే గుడ్డ పెట్టింది. ఇంకోటి విను. కదిలే రాయికి చీపురు తగిలితే, తగిలించినవాడే చెప్పాలి. అంపైర్ ఈల వేసేదాకా ఆగరు.

బెంజిసర్కిల్_శీను: చెప్తారా! జిల్లా కబడ్డీ సెలక్షన్లలో నేను డిఫెండర్ భుజం తాకి వచ్చా. వాడు తగల్లేదన్నాడు, అంపైర్ తలూపాడు. వాడి మేనమామ కమిటీలో ఉన్నాడు మరి. వాడు స్టేట్ టీమ్‌కి, నేను ఇంటికి.

బ్రాడీపేట_మాస్టారు: అదీ అసలు కడుపుమంట! మధ్యలో చీపురునెందుకు తిట్టావు?

బెంజిసర్కిల్_శీను: ఎందుకంటే ఆ నిజాయితీ డబ్బున్నోళ్ల ముచ్చట మాస్టారూ. ఓడినా వాళ్ల బతుక్కి ఢోకా లేదు. మాకు స్పోర్ట్స్ కోటా పోతే ఆటో స్టీరింగే.

బ్రాడీపేట_మాస్టారు: పేదోడు అబద్ధమాడక తప్పదంటావా? గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ల పిల్లలకు ఆటలు నేర్పాను. "తగిలింది సార్" అని చెయ్యెత్తి, తమంతట తాము బయటికెళ్లిన పిల్లలు వాళ్లు.

బెంజిసర్కిల్_శీను: వాళ్లలో స్టేట్ ఆడినోళ్లు ఎంతమంది?

బ్రాడీపేట_మాస్టారు: ఇద్దరు.

బెంజిసర్కిల్_శీను: నేను మిగతావాళ్ల గురించి అడుగుతున్నా.