ఐఓటీ పెరుగుతుంది సరే, చిప్‌లు, సెన్సర్ల కంపెనీల్లో డబ్బు పెట్టొచ్చా?

బెజవాడ_బుల్
అందరికీ నమస్కారం. ప్లాటు అమ్మిన డబ్బులో ఎనిమిది లక్షలు పక్కన పెట్టాను. అమెరికా షేర్లలో పెడదామని ఉంది. నా లెక్క సింపుల్. కరెంటు మీటరు, ఏసీ, గేటు, కారు, చేతి వాచీ అన్నీ నెట్‌కి కనెక్ట్ అవుతున్నాయి, ఐఓటీ అంటే ఇదే. మన దేశంలోనే 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని కేంద్రం టార్గెట్ పెట్టుకుంది. ఏ బ్రాండ్ గెలిచినా లోపల చిప్, సెన్సర్ ఉండాల్సిందే కదా. అందుకని బ్రాండ్ల జోలికి పోకుండా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఎన్‌ఎక్స్‌పీ, ఎస్‌టీ మైక్రో, మైక్రోచిప్ లాంటి చిప్ కంపెనీల షేర్లు కొనేసి పదేళ్లు మర్చిపోతే ఎలా ఉంటుంది? మొహమాటం లేకుండా చెప్పండి.

ఫర్మ్‌వేర్_పంతులు
బుల్ గారూ, 2010లో ఎరిక్సన్ వాళ్లు 2020కల్లా 5,000 కోట్ల డివైస్‌లు కనెక్ట్ అవుతాయన్నారు. సిస్కో కూడా అదే పాట పాడింది. 2020 వచ్చింది, పోయింది, ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాలేదు. సరే, అంచనాలు అలాగే ఉంటాయి, దాన్ని వదిలేద్దాం. నా అసలు అభ్యంతరం వేరే.

నేను హైదరాబాద్‌లో మీటర్లు, మోటార్ కంట్రోలర్లకి ఫర్మ్‌వేర్, అంటే లోపలి చిప్‌ని నడిపే ప్రోగ్రామ్, రాస్తాను. మా బోర్డుల్లో చాలాకాలం ఎస్‌టీ వాళ్ల ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ వాడాం. 2021లో చిప్‌ల కరువు వచ్చినప్పుడు ఆ చిప్ కోఠిలో అయిదారు రెట్లు ధర పలికింది, అదీ అడ్వాన్స్ ఇస్తేనే. అప్పుడు మా పర్చేజ్ వాళ్లు చైనా గిగాడివైస్ కంపెనీ జీడీ32ఎఫ్103 తెచ్చారు. పిన్నులు అవే. బోర్డు మార్చక్కర్లేదు, పాత చిప్ పీకి దీన్ని సోల్డర్ చేయడమే. కోడ్‌లో కొన్ని టైమింగ్ తేడాలు సరిచేస్తే పని అయిపోయింది. కరువు తీరాక కూడా కొన్ని బోర్డుల్లో మేం వెనక్కి పోలేదు. ఇక ఇంట్లో వాడే వైఫై బల్బులు, ప్లగ్గుల సంగతి చూస్తే, చాలావాటిలో ఉండేది షాంఘైలో లిస్టయిన ఎస్‌ప్రెసిఫ్ వాళ్ల చవక చిప్. మీరు కొనాలనుకున్న లిస్టులో అది లేనే లేదు.

లోపల చిప్ ఉండాల్సిందే, నిజమే. ఎవరి చిప్, ఎంతకి అన్నదే ప్రశ్న.

సెన్సర్ల కథ ఇంకా ఘోరం. ఇన్వెన్‌సెన్స్ అని ఫోన్ ఎటు తిరిగిందో చెప్పే జైరో సెన్సర్ల కంపెనీ ఉండేది. 2011లో ఐపీఓ ధర 7.50 డాలర్లు. 2014లో ఐఫోన్ 6లో దాని సెన్సర్ ఉందని తెలిసిన రోజుల్లో షేరు 20 డాలర్ల పైనే ఉంది. అంతకంటే పెద్ద కస్టమర్ ఎవరుంటారు? కానీ ఆ కస్టమరే ధర తగ్గించమని మెడ మీద కూర్చున్నాడు. అమ్మకాల్లో సగానికి పైగా ఆపిల్, శాంసంగ్‌లవే అయితే బేరమాడే దమ్ము ఎక్కడిది? చివరికి జపాన్ టీడీకే కంపెనీ షేరుకి 13 డాలర్లిచ్చి కొనుక్కుంది. ఆ సెన్సర్లు కోట్లలో అమ్ముడయ్యాయి. 20 పైన కొన్నవాడికి మాత్రం చేతులు కాలాయి.

ఆస్టిన్_ఆవకాయ
పంతులు గారూ, మీరు చెప్పింది ఫోన్లు, బల్బుల వ్యాపారం. దాంతో ఫ్యాక్టరీ, కారు, మెడికల్ చిప్‌లను కలిపేస్తే ఎలా?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి దాదాపు 80,000 రకాల ప్రొడక్టులు, లక్షకి పైగా కస్టమర్లు. ఏ ఒక్క ఆపిలూ వాళ్ల పీక పట్టుకోలేదు. రూపాయి విలువ చేసే వోల్టేజ్ రెగ్యులేటర్ కోసం ఏ ఇన్‌ఫ్యూజన్ పంప్ (రోగికి మందు ఎక్కించే యంత్రం) కంపెనీ అయినా మళ్లీ టెస్టింగ్, మళ్లీ సర్టిఫికేషన్ పెట్టుకుంటుందా? ఒకసారి డిజైన్‌లోకి ఎక్కితే పదిహేనేళ్లు అక్కడే ఉంటుంది. రెండు దశాబ్దాలకు పైగా ఆ కంపెనీ ఏటా డివిడెండ్ పెంచుతూనే ఉంది. మీ జీడీ32 కథ మోటార్ స్టార్టర్లలో నడుస్తుంది, కారు బ్రేకులో నడవదు.

ఫర్మ్‌వేర్_పంతులు
ఒప్పుకుంటా, కారు బ్రేకులో అంత తేలిగ్గా నడవదు. కానీ చైనా కార్లలో చైనా చిప్‌లు ఎక్కడం మొదలైంది కదా. పైగా మీరు చెప్పేది ఐఓటీ మీద పందెం కాదు, వోల్టేజ్, కరెంటు లాంటివి చూసుకునే అనలాగ్ చిప్‌ల మీద. ఈయన అడిగింది వేరు.

నిద్రలేని_నాని
చిప్‌ల డిజైన్లు అమ్మే ఆర్మ్ కంపెనీ సంగతి ఎవరూ ఎత్తరేం? సాఫ్ట్‌బ్యాంక్ 2016లో 3,200 కోట్ల డాలర్లు పోసి కొన్నది ఐఓటీ కోసమే. 2023లో 51 డాలర్లకి ఐపీఓ చేశారు, తర్వాత షేరు ఎక్కడికి పోయిందో చూడండి. ఐఓటీ పందెం గెలిచినట్టే.

ఫర్మ్‌వేర్_పంతులు
నాని, ఆ గెలుపు ఐఓటీ ఖాతాలో రాయకు. ట్రిలియన్ డివైస్‌లు వస్తాయని కొన్నారు. ఐపీఓ తర్వాత షేరుని లేపింది మాత్రం ఏఐ, డేటా సెంటర్లు. ఒక గుర్రం మీద కాస్తే పక్క గుర్రం గెలిచి డబ్బులు తెచ్చింది.

భీమవరం_చెరువు
నాకు షేర్లు తెలీవు, సెన్సర్లు వాడతాను. రొయ్యల చెరువులో ఆక్సిజన్ చూడ్డానికి సెన్సర్ పెట్టించాను. తెల్లవారుజామున ఫోన్‌లో 5 అని, అంటే ఆక్సిజన్ సరిపడా ఉందని చూపిస్తోంది, చెరువులో చూస్తే రొయ్యలు పైకి తేలి గట్టు వైపు వచ్చేస్తున్నాయి. నాచు పట్టేసింది దానికి. పరుగెత్తుకెళ్లి ఏరియేటర్లన్నీ వేశాం. వారానికోసారి తుడవాలి, దాని మూత ఎప్పటికప్పుడు కొత్తది వేయాలి. ఆ మూత ధర వింటే కళ్లు తిరుగుతాయి. లోపలి చిప్ అమ్మినవాడికి ఒక్కసారే డబ్బులు, మూత అమ్మేవాడికి ఏటా డబ్బులు. నేనైతే మూతల కంపెనీ ఎక్కడుందో వెతుకుతా.

ఆస్టిన్_ఆవకాయ
చెరువు గారూ, ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ వచ్చిన బెస్ట్ స్టాక్ అనాలిసిస్ మీదే 😀

కూకట్‌పల్లి_కిరణ్
అమెరికా దాకా ఎందుకన్నా? మన మోస్‌చిప్ హైదరాబాద్ కంపెనీయే, బీఎస్‌ఈలో ఉంది. బాష్ కూడా ఇక్కడ లిస్టయింది, ప్రపంచంలో పెద్ద సెన్సర్ కంపెనీల్లో అదొకటి. ఏపీలో ఏసిప్ చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కి 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది కదా.

లెక్కల_లలిత
కిరణ్, ఒక్కోటి చూద్దాం. ఫోన్లలో, కార్లలో ఉండే ఆ చిన్న సెన్సర్ల వ్యాపారం బాష్ జర్మనీ మాతృసంస్థది. దాని వాటాల్లో ఎక్కువ భాగం ఒక ఫౌండేషన్ చేతిలో ఉంది, అది మార్కెట్లో దొరకదు. ఇక్కడ మీరు కొనే బాష్ లిమిటెడ్ ప్రధానంగా వాహనాల విడిభాగాల కంపెనీ. పేరు చూసి సెన్సర్ షేరు కొన్నాం అనుకోవద్దు. మోస్‌చిప్‌కి ఎక్కువ ఆదాయం ఇతరులకి డిజైన్ సర్వీసు చేసి పెట్టడం వల్ల వస్తుంది. 2025 సెప్టెంబరులో సెమీకాన్ (చిప్‌ల పరిశ్రమ సదస్సు) వార్తలతో ఆ షేరు ఎగిరింది, అప్పటికి లాభాలేమీ అంత వేగంగా పెరగలేదు. ఏసిప్‌ది 468 కోట్ల ప్రాజెక్టు, సంతోషం, కానీ అది లిస్టెడ్ కాదు.

బుల్ గారూ, మీకు పన్ను సంగతి కూడా. బయటికి పంపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పడదు, మీ ఎనిమిది లక్షలకి ఆ బెడద లేదు. అమెరికా డివిడెండ్‌లో 25 శాతం అక్కడే పట్టుకుంటారు, ఇక్కడ రిటర్న్‌లో ఆ క్రెడిట్ తీసుకోవచ్చు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్ అదనం. విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్‌ఏ మాత్రం ప్రతి ఏడాదీ నింపాలి. ఒక్క షేరున్నా నింపాలి. చాలామంది దీన్నే వదిలేసి తర్వాత నోటీసు పట్టుకుని నా దగ్గరికి వస్తారు.

ఫర్మ్‌వేర్_పంతులు
అసలు ‘కొనేసి పదేళ్లు మర్చిపోతా’ అన్న మాట దగ్గరికి వద్దాం. కరువు టైమ్‌లో అందరూ భయపడి రెండేసి చోట్ల ఆర్డర్లు పెట్టారు, మా వాళ్లతో సహా. ఏడాది తర్వాత సరుకు ఒక్కసారిగా దిగింది. గోడౌన్ నిండిపోయింది, కొత్త ఆర్డర్లు ఆగిపోయాయి. దాని దెబ్బ చూడండి. మైక్రోచిప్ అమ్మకాలు 2023 మార్చితో ముగిసిన ఏడాదికి 844 కోట్ల డాలర్లు, 2025 మార్చితో ముగిసిన ఏడాదికి 440 కోట్లు. అరిజోనాలో ఒక ఫ్యాక్టరీ మూసేశారు. పూర్తిగా ఐఓటీ మీదే నిలబడతామని మిగతా వ్యాపారం అమ్మేసుకున్న సిలికాన్ ల్యాబ్స్ (2020లో మన హైదరాబాద్ రెడ్‌పైన్ టీమ్‌ని కొన్నది వీళ్లే) 2022లో 102 కోట్ల డాలర్ల నుంచి 2024కి 58 కోట్లకి పడింది. ఆ రెండేళ్లలో ప్రపంచంలో కనెక్టెడ్ డివైస్‌లు తగ్గాయా? లేదు, పెరిగాయి.

ఆస్టిన్_ఆవకాయ
ఆ అంకెలు కరెక్టే. నేను చదివేది మాత్రం తిరగేసి. ఇలాంటి కంపెనీని అందరూ పొగిడే రోజున కొంటే పంతులు గారు చెప్పిన గతి. ఫ్యాక్టరీలు మూసే రోజున కొంటే వేరే కథ. బుల్ గారూ, ఎనిమిది లక్షలూ ఒకేసారి వద్దు, రెండేళ్లలో ముక్కలు ముక్కలుగా పెట్టండి. నా వరకు నేను అనలాగ్ వైపే ఉంటా.

బెజవాడ_బుల్
అందరికీ థాంక్స్. బల్బుల చిప్‌లు, ఫోన్ సెన్సర్లు లిస్టులోంచి కొట్టేశాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, మైక్రోచిప్ రెండే మిగిలాయి. ముందు క్వార్టర్ రిపోర్టుల్లో ఇన్వెంటరీ ఎన్ని రోజులకి సరిపడా ఉందో చూస్తా. అది తగ్గుతుంటే మొదటి ముక్క పెడతా. ఇది చాలా?

ఫర్మ్‌వేర్_పంతులు
చాలదు. అది కంపెనీ గోడౌన్‌లో ఉన్న సరుకు మాత్రమే. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఎంత ఉందో విడిగా చెబుతారు, మేనేజ్‌మెంట్ ఇన్వెస్టర్లతో మాట్లాడే కాల్‌లో వెతకండి. మాలాంటి వాళ్ల అల్మారాల్లో ఎంత ఉందో ఎవరూ చెప్పరు. మా దగ్గర ఇంకా మూడు రీళ్ల చిప్‌లున్నాయి.