ఫర్‌ఫ్యూరాల్ యూనిట్‌ని ఎన్ఎంపీకి మార్చడం సబబేనా?

ప్రాసెస్ డిజైనర్:
లూబ్ ఆయిల్‌ (కందెన నూనె)లోంచి ఆరోమాటిక్స్ (వేడికి నూనె త్వరగా పలచబడేలా చేసే పదార్థాలు) తీసేయడానికి ఫర్‌ఫ్యూరాల్ అనే సాల్వెంట్ వాడుతున్న పాత యూనిట్లు ఎన్ఎంపీ (ఎన్-మిథైల్ పైరోలిడోన్) అనే మరో సాల్వెంట్‌కి మారాలనే అంటాను. ఫర్‌ఫ్యూరాల్‌కి గాలి తగిలితే యాసిడ్ పుడుతుంది, వేడి ఎక్కువైతే కోక్ (బొగ్గులాంటి గట్టి మడ్డి) కడుతుంది. ఎన్ఎంపీతో ఆ బాధ చాలా తక్కువ. పైగా కరిగించుకునే శక్తి ఎక్కువ కాబట్టి తక్కువ సాల్వెంట్‌తో పనవుతుంది. ఈ యూనిట్‌లో ఇంధనం ఎక్కువగా సాల్వెంట్‌ని మరిగించి వెనక్కి రాబట్టుకోవడానికే పోతుంది కదా, ఆదా అక్కడే.

ప్యానెల్ ఆపరేటర్:
నేను ఒప్పుకోనండీ. కరిగించే శక్తి ఎక్కువంటే మంచి నూనెనీ వెంట లాక్కుపోతుంది. అందుకే ఎన్ఎంపీలో కొంచెం నీళ్లు కలుపుతారు. ఆ నీళ్లు తగ్గితే రాఫినేట్ (శుద్ధి అయిన నూనె) దిగుబడి పడిపోతుంది, పెరిగితే కావలసిన విస్కాసిటీ ఇండెక్స్ (వేడికి నూనె ఎంత తక్కువ పలచబడుతుందో చెప్పే కొలత) అందదు.

అసలు చిక్కు నూనె, సాల్వెంట్ కలిసి విడిపోయే కాలమ్‌లో ఉంది. మామూలు ఉష్ణోగ్రతలో ఫర్‌ఫ్యూరాల్ సాంద్రత 1.16, ఎన్ఎంపీది 1.03, నూనెది సుమారు 0.9. నూనె పైకి, సాల్వెంట్ కిందికి విడిపోవాలంటే ఆ తేడాయే ఆధారం. ఎన్ఎంపీతో అది సగానికి పడిపోతుంది. ఇంటర్‌ఫేస్ (రెండు పొరల మధ్య సరిహద్దు) నిలవదు, సాల్వెంట్ రాఫినేట్‌తోపాటు పైకి కొట్టుకుపోతుంది.

కోక్ సంగతంటారా, డీఎయిరేటర్ (ఫీడ్ నూనెలోంచి గాలి తీసేసే పరికరం) సరిగ్గా నడిపి, ఫర్నేస్ అవుట్‌లెట్ 230 డిగ్రీలు దాటనివ్వకపోతే చాలావరకు అదుపులో ఉంటుంది. తాజా ఫర్‌ఫ్యూరాల్‌ని మూత తీసిన సీసాలో ఉంచి చూడండి: ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, చివరికి నలుపు. గాలిని ఆపకుండా సాల్వెంట్‌ని తిట్టడం న్యాయం కాదు.

లూబ్ ల్యాబ్:
ఆరోగ్యం మాట ఎవరూ ఎత్తలేదు. ఎన్ఎంపీ గర్భస్థ శిశువుకి హాని చేస్తుంది. 2020 మే నుంచి యూరోపియన్ యూనియన్‌లో కార్మికులకు అది ఎంత మేర సోకవచ్చో పరిమితులు పెట్టారు. అలాగని ఫర్‌ఫ్యూరాల్ మంచిదేం కాదు, పీలిస్తే అదీ విషమే.

ప్రాసెస్ డిజైనర్:
సాంద్రత మాట నిజమేనండీ. కానీ తిరిగే సాల్వెంట్ తగ్గితే కాలమ్ మీద భారమూ తగ్గుతుంది. ఇంకోటి, ఫర్‌ఫ్యూరాల్, నీళ్లు కలిసి 98 డిగ్రీల దగ్గర ఒకే ఆవిరిగా లేస్తాయి. వాటిని విడదీయడానికి డికాంటరు (పొరలుగా తేర్చే పాత్ర), స్ట్రిప్పరు (ఆవిరిగా లేపి విడదీసే కాలమ్) కావాలి. ఎన్ఎంపీ నీళ్లతో అలా జత కట్టదు.

హైడ్రోప్రాసెసింగ్:
గ్రూప్ 2, గ్రూప్ 3 నూనెలు (ఇంకా శుద్ధమైన లూబ్ రకాలు) హైడ్రోక్రాకర్ (హైడ్రోజన్‌తో నూనెని విడగొట్టే యూనిట్) నుంచి వస్తున్నప్పుడు తేలిక గ్రేడుల కోసం ఇంత ఖర్చు దండగ. బ్రైట్ స్టాక్ (బాగా చిక్కని, బరువైన లూబ్ నూనె) చేసే యూనిట్‌కైతే ఆలోచించొచ్చు.

ప్యానెల్ ఆపరేటర్:
బ్రైట్ స్టాక్ ఫీడ్ అన్నిటికన్నా బరువు, చిక్కనిది కూడా. సాంద్రత తేడా బాగా తగ్గిపోయేది దాంతోనే. ముందు ఆ ఫీడ్‌తో పైలట్ కాలమ్ నడిపి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.