పార్టీ కాకపోవడమే నోయెస్ ఫోరం చేసిన తప్పా?

గోదారిగట్టు:
తూర్పు జర్మనీలో 1989 సెప్టెంబరులో బేర్బెల్ బోలై, యెన్స్ రైష్ తదితరులు నోయెస్ ఫోరంను ప్రారంభించినప్పుడు, అది పార్టీ కాదని, అందరూ మాట్లాడుకునే వేదిక అని చెప్పారు. కొద్ది వారాల్లోనే సుమారు 2 లక్షల మంది వారి పిలుపుపై సంతకాలు చేశారు. 1990 మార్చి 18 ఎన్నికల్లో అది చేరిన బుండ్నిస్ 90 కూటమికి వచ్చింది 2.9 శాతం. అంత జనబలాన్ని చేజేతులా జారవిడిచారని నా అభిప్రాయం.

శేషగిరి:
రాజ్యాంగంలోని 29వ అధికరణాన్ని చూపి, సంఘంగా నమోదు చేయమని సెప్టెంబరు 19న వారు దరఖాస్తు చేస్తే, ప్రభుత్వం రెండు రోజులకే రాజ్యవిరోధమని తోసిపుచ్చింది. గుర్తింపు దక్కింది నవంబరు 8న, బెర్లిన్ గోడ తెరుచుకోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు. పార్టీ అని ఉంటే సంతకానికి ఎందరు ధైర్యం చేసేవారు?

గోదారిగట్టు:
నేను అడిగింది మార్చి సంగతి, మీరు చెబుతున్నది సెప్టెంబరు సంగతి. సోషల్ డెమోక్రాట్లు అక్టోబరు 7నే, అదే భయం నడుమ, పార్టీ పెట్టి 21.9 శాతం తెచ్చుకున్నారు కదా!

చిన్నక్క:
అక్టోబరు 9న లైప్‌జిగ్‌లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా 70 వేల మంది నడిచినప్పుడు ఎవరి చేతిలో ఏ గుర్తింపు పత్రం ఉందండీ?

గోదారిగట్టు:
మా సాగునీటి సంఘం కోసం రెండేళ్లు పోరాడాం. తీరా ఎన్నికలు వచ్చాక, మనకు పదవులెందుకని మా పెద్దలు నామినేషన్లు వేయలేదు. ధర్నా శిబిరంలో ఒక్క పూటైనా కూర్చోనివారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. చివరి ఆయకట్టుకు నేటికీ నీరు లేదు.

శేషగిరి:
మీ కాలువ మీది కోపాన్ని బోలైపై చూపకండి. ఆమె సహచరుల్లో చాలామంది కోరింది సంస్కరించుకున్న తూర్పు జర్మనీని. జనం కోరింది పశ్చిమ జర్మనీ కరెన్సీ అయిన మార్కును. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ అండ ఉన్న కూటమికి 48 శాతం వచ్చింది అందుకే. పార్టీ పెట్టినా ఆ గాలికి నిలిచేవారు కాదు.

గోదారిగట్టు:
అంటే జనం పొరబడ్డారనా మీ ఉద్దేశం? మొదటి నుంచీ మీరు చెప్పదలచుకున్నది అదే అయితే, తేదీల చాటున దాక్కోవడం దేనికి?

శేషగిరి:
పొరబడ్డారని అనలేదు. మీరు ఓట్ల తూకం తప్ప మరొకటి ఒప్పుకోరు, మన తగాదా అంతా అక్కడే ఉంది. 1990 జనవరి 15న రహస్య పోలీసు సంస్థ స్టాసీ ప్రధాన కార్యాలయం ముందు ప్రదర్శనకు పిలుపునిచ్చింది నోయెస్ ఫోరమే. అదే ఏడాది సెప్టెంబరులో బోలై, మరికొందరు స్టాసీ నిఘా దస్త్రాలున్న భవనంలోకి చొరబడి నిరాహారదీక్షకు కూర్చున్నారు. తనపై పెట్టిన నిఘా కాగితాలను పౌరుడు స్వయంగా చదువుకునే హక్కు 1991 చట్టంతో వచ్చింది.

గోదారిగట్టు:
దీక్ష గొప్పదే, కాదనను. కానీ ఆ చట్టం చేసిన ఏకీకృత జర్మనీ పార్లమెంటులో బుండ్నిస్ 90, గ్రీన్ పార్టీల ఉమ్మడి జాబితాకు ఉన్న స్థానాలు ఎనిమిదే.

చిన్నక్క:
ఇంతకీ మీ సంఘానికి మళ్ళీ ఎన్నికలు జరిగినప్పుడు మీరు నామినేషన్ వేశారా?

గోదారిగట్టు:
లేదండీ. నాన్నగారు వద్దన్నారు.