తక్కువ ఖర్చులో రస్ట్ నేర్చుకోవడానికి ఏవి ఎంచుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. కళాశాలలో సీ, ఆ తర్వాత సొంతంగా కొంత పైథాన్ నేర్చుకున్నాను. ఇప్పుడు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాలని ఉంది. నా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్ గల పాత ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఫోన్ హాట్‌స్పాట్ ద్వారానే. 1,500 రూపాయలకు మించి పెట్టుకోలేను. ఆ డబ్బుతో వీడియో కోర్సు కొనడం మేలా, అచ్చు పుస్తకం కొనడం మేలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
ప్రస్తుతానికి రెండూ కొనకండి. రస్ట్ అధికారిక పుస్తకం వెబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అచ్చులో వచ్చినదీ దాదాపు ఆ పాఠమే. పైగా రస్టప్ అనే అధికారిక సాధనంతో రస్ట్‌ను మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే ఆ పుస్తకం కూడా మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది కనుక, ‘రస్టప్ డాక్ --బుక్’ అనే కమాండ్ ఇస్తే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. సీ వచ్చిన మీకు మొదటి మూడు అధ్యాయాలు నల్లేరు మీద నడకే గాని, ఓనర్‌షిప్ (ఏ విలువ ఏ వేరియబుల్ సొంతమో చెప్పే నియమాలు) గురించిన నాలుగో అధ్యాయం దగ్గర తొందరపడకండి. ‘ఎ’ అనే వేరియబుల్‌లో ఉన్న స్ట్రింగ్‌ను ‘బి’కి ఇచ్చేసి, ఆ తర్వాత ‘ఎ’ను ప్రింట్ చేయబోతే కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) ఇ0382 అనే ఎర్రర్ చూపి, విలువ ఏ లైనులో చేతులు మారిందో గీత గీసి మరీ చెబుతుంది. ఇంత ఓపిక డబ్బు కట్టిన కోర్సుల్లోనూ అరుదేనని నా అభిప్రాయం.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను, అయితే చదివినంత మాత్రాన రస్ట్ చేతికి రాదు. రస్ట్‌లింగ్స్ అనే ఉచిత అభ్యాసాలలో కంపైల్ కాని చిన్న చిన్న ప్రోగ్రాములు ఇచ్చి సరిచేయమంటారు. ఒక్కో అధ్యాయం అవగానే దానికి సంబంధించినవి చేయండి. ఎక్సర్‌సిజమ్ అనే వెబ్‌సైట్‌లో స్వచ్ఛందంగా పనిచేసే మెంటర్లు మీ కోడ్ చూసి సలహా ఇస్తారు, దానికీ రుసుము లేదు. ఎప్పుడైనా వీడియో కోర్సు కొనదలిస్తే, డిస్కౌంట్ కంటే ముందు అది ఏనాటిదో చూడండి: ఒక పని కోసం ఆగకుండా వేరే పనులు సాగించే అసింక్-అవెయిట్ సదుపాయం 2019 నవంబరులో రస్ట్ 1.39 వెర్షన్‌తో స్థిరపడింది, భాషలో కొన్ని నియమాలు మార్చిన 2024 ఎడిషన్ 2025 ఫిబ్రవరిలో 1.85తో వచ్చింది, అంతకంటే పాత కోర్సుల్లో ఇవి ఉండవు.

జవాబు 3:
ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 4 జీబీలో బ్రౌజర్, ఎడిటర్, రస్ట్-ఎనలైజర్ (ఎడిటర్‌లోనే తప్పులు చూపే సహాయక ప్రోగ్రాము) మూడూ కలిసి నడవడం కష్టం. రస్ట్-ఎనలైజర్‌ను ఆపేసి, టెర్మినల్‌లో రస్ట్‌తో వచ్చే కార్గో అనే బిల్డ్ సాధనం ఇచ్చే ‘కార్గో చెక్’ కమాండ్‌తో తప్పులు చూసుకోవచ్చు, అది ప్రోగ్రామును పూర్తిగా బిల్డ్ చేయదు కనుక త్వరగా ముగుస్తుంది. బిల్డ్ ఫైళ్లు చేరే టార్గెట్ ఫోల్డర్ డిస్క్‌ను నింపేస్తుంటే ‘కార్గో క్లీన్’ చేయండి. ఖాళీ స్లాట్ ఉంటే గనక, మీ బడ్జెట్‌లో సెకండ్‌హ్యాండ్ ర్యామ్ దొరుకుతుందేమో విచారించండి. నేనైతే కోర్సు కంటే ముందు దానికే ఖర్చు పెడతాను.