కరికి మకరి, మకరికి కరి... తర్వాత 'సరి'యా, 'భర'మా?

కూకట్‌పల్లి అమ్మాయి: సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో తాడు లాగుడు పోటీ పెట్టారు. తాడు మధ్యన కట్టిన ఎర్ర రుమాలు అర నిమిషం పాటు ఎటూ జరగలేదు, వణుకుతూ ఉండిపోయింది. పక్కనున్న అంకుల్ 'కరికి మకరి మకరికి గరి సరి యనుచును' అని పోతన గజేంద్రమోక్షం పద్యం ఎత్తుకున్నారు, ఏనుగూ (కరి) మొసలీ (మకరి) లాక్కునేది. నాకేమో 'భర మనుచును' అని గుర్తు. ఏది సరైంది?

నల్లకుంట మాస్టారు: యతి చూసుకో తల్లీ, పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరాలి. 'భర మనుచును నతల కుతల భటు లరుదు పడన్'. అక్కడ 'భటు' ఉంది కాబట్టి పాదం మొదట 'స' పెడితే యతి చస్తుంది. ప్రాసకి, అంటే రెండో అక్షరానికి, 'సరి' కూడా కుదురుతుంది, అందుకే నోళ్లలో అలా జారి ఉంటుంది.

తార్నాక: అక్షరం తేలింది, అర్థం తేలలేదు మాస్టారూ. భరం అంటే బరువా, మోయలేనంతదా? బరువైతే రెండూ సాటి. మోయలేనంతదైతే రెండూ ఓడుతున్నట్టే.

మాజీ ఇంజినీరు: రెండు జట్లూ చెరో వంద కిలోల బలంతో లాగితే తాట్లో టెన్షన్ ఎంత? అందరూ రెండు వందలంటారు. వందే! ఒక కొస గోడకి కట్టి లాగినా అంతే, గోడా వందతో లాగుతుంది. కరికి మకరి ఎంత భరమో మకరికి కరీ అంతే. న్యూటన్ 1687లో చెప్పింది పోతన పదిహేనో శతాబ్దంలోనే...

నల్లకుంట మాస్టారు: బాబూ, న్యూటన్‌ని పద్యంలోకి దింపకండి, యతి కుదరదు. ఆ కంద పద్యంలో గురువులు, అంటే బరువు అక్షరాలు, రెండే, 'బెరయన్', 'పడన్' చివర. మిగతావన్నీ లఘువులు, తేలిక అక్షరాలు. ఆ పెనుగులాట చెవికి తగలడం లేదూ?

తార్నాక: నా అనుమానం 'అతల కుతల' మీద. 'కు' అంటే భూమి. అంటే కింద అతల లోకం వాళ్లు మొసలి పార్టీ, పైన భూమ్మీద వాళ్లు ఏనుగు పార్టీ. ఉప్పల్ స్టేడియంలా రెండు స్టాండ్లు! మన 'అతలాకుతలం' కూడా ఇక్కడి నుంచే వచ్చిందని నా పందెం.

నల్లకుంట మాస్టారు: పందేలు కాదు, ఆధారం కావాలి. ఒకటి మాత్రం చెప్తాను. మొదటి పాదంలో 'కరిఁ దిగుచు' (కరిని లాగుతూ) దగ్గర అరసున్న ఎత్తేస్తే ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలీదు. ఇప్పటి పుస్తకాల్లో అదే జరుగుతోంది.

సికింద్రాబాద్: ట్యాంక్‌బండ్ మీద పోతన ఉన్నాడు, వేమన కూడా ఉన్నాడు. ఆయన్నీ అడగండి. 'నీళ్లలోన మొసలి నిగిడి యేనుగు బట్టు, బయట కుక్కచేత భంగపడును'. గెలుపు స్థానబలిమిది.

మాజీ ఇంజినీరు: ఈ మాట ఒప్పుకోవాలి. తాడు లాగుడులో చేతుల బలం ఒక్కటే చాలదు, కాళ్లు నేలని ఎంత పట్టుకున్నాయన్నదే లెక్క.

కూకట్‌పల్లి అమ్మాయి: అయ్యో, అదే జరిగిందండీ! బి బ్లాకులో చివర నిలబడ్డాయన హవాయి చెప్పుల్లో ఉన్నాడు. జారాడు, వెనకాలే రుమాలూ వెళ్లిపోయింది.

నల్లకుంట మాస్టారు: వేమన పద్యంలో 'బట్టు'నా, 'దీయు'నా? నేను 'యేనుగు దీయు' అని చదువుకున్నాను.

సికింద్రాబాద్: మా నాన్నగారు 'బట్టు' అనేవారు.

తార్నాక: మాస్టారూ, పోతన పాఠం బమ్మెర వాళ్లనీ అడగాలేమో?

నల్లకుంట మాస్టారు: అడిగితే పోతన మావాడంటూ ఒంటిమిట్ట వాళ్లూ వస్తారు. ఆ తాడు ఇక్కడ పట్టుకోకండి. 'దీయు' సంగతి చెప్పండి ముందు.