డిగ్రీ మ్యాథ్స్ పిల్లలతో అప్లైడ్ ప్రాజెక్ట్ ఎట్ల చేయించాల?

అనంత_లెక్కలు: అనంతపురంలో డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ చెప్తా. ఫైనలియర్ పిల్లలు నలుగురు అప్లైడ్ సైడు ప్రాజెక్ట్ ఏదన్నా చేయించండి సార్ అని ఎంటబడినారు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఇస్తే టకటకా సాల్వ్ చేసేస్తారు, అది యాడ నుంచి వచ్చిందిరా అంటే మాత్రం మొహాలు చూసుకుంటారు. ఎస్ఐఆర్ మోడల్ (అంటురోగం ఎట్ల పాకుతుందో చూపించే ఈక్వేషన్లు) ఇద్దామంటే నెట్‌లో రెడీమేడ్ రిపోర్టులు బోలెడు. ముగ్గురికి ల్యాప్‌టాప్ కూడా లేదు. ఏమిస్తే బాగుంటుంది?

శెనక్కాయ_చేను: మన జిల్లాలో వాన కంటే మంచి టాపిక్ ఏముంది సార్. మండలం రెయిన్‌గేజ్ రోజువారీ లెక్కలు తెప్పించండి. వాతావరణ శాఖ లెక్కన 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజు, మిగతావి ఎండు రోజులు. నిన్న పడుంటే ఈరోజు పడే ఛాన్స్ ఎంత, నిన్న పడకుంటే ఎంత, పిల్లలు కూర్చోని లెక్కపెడితే టూ స్టేట్ మార్కోవ్ చైన్ (వాన, ఎండు అని రెండే స్థితులు, ఈరోజుది నిన్నటి మీదే ఆధారపడే మోడల్) వచ్చేసినట్టే. 1962లో గేబ్రియల్, న్యూమన్ అనే రీసెర్చర్లు టెల్ అవీవ్ వానల మీద చేసింది ఇదే. ఊరికే అనుకోండి, ఎండు తర్వాత వాన 0.2, వాన తర్వాత వాన 0.5 (అంటే వాన తర్వాత ఎండు కూడా 0.5), అప్పుడు లాంగ్ రన్‌లో వాన రోజులు 0.2/(0.2+0.5), ఏడింట రెండు వంతులు. నోట్‌బుక్ చాలు. ఈరోజు ఎండు అయితే వచ్చే పది రోజులూ ఎండే అయ్యే ఛాన్స్ 0.8 పవర్ 10, పదింట ఒకటి కంటే కొంచెం ఎక్కువ. శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు అంత గ్యాప్ వస్తే ఏమైతుందో వాళ్ల ఇండ్లల్లోనే చెప్తారు 😀

కడప_మేడం: ఐడియా బాగుంది గానీ జూన్ నుంచి డిసెంబర్ దాకా ఒకే మ్యాట్రిక్స్ (ఆ ఛాన్సుల పట్టిక) వేస్తే కుదరదు, మీ దిక్కు జూలై వేరు, సెప్టెంబర్ వేరు. ఇంకోటి, ఈ మోడల్ పొడుగు ఎండు గ్యాపుల్ని మామూలుగా తక్కువ చూపిస్తుంది. అది మీరు ముందే చెప్పేయొద్దండి సార్, డేటాతో పోల్చి వాళ్లే పట్టుకోవాల, ప్రాజెక్ట్ మొదలయ్యేది అక్కడే.

పాత_స్టూడెంట్: స్టూడెంట్ సైడు నుంచి ఒక మాట సార్, వారానికి గంట చాలు, కానీ చాక్‌పీస్ వాళ్ల చేతిలో ఉండాల, మీరు బెంచీలో కూర్చోండి. ఎవరికన్నా ప్రూఫుల మీద పిచ్చి ఉంటే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) సమ్మర్ క్యాంపుకు అప్లై చేయించండి, 1993 నుంచి నడుస్తా ఉంది.

అనంత_లెక్కలు: థ్యాంక్స్ అందరికీ. రెయిన్‌గేజ్ లెక్కలు ఎవర్ని అడగాల?

శెనక్కాయ_చేను: తహసీల్దార్ ఆఫీసులో స్టాటిస్టిక్స్ చూసేటాయన్ని. కాలేజీ లెటర్ తీసుకోని పిల్లల్నే పంపండి సార్, మీరు పోవద్దు.